షాద్‌నగరు ఏ జిల్లా?

ఎనిమిదో తరగతి పిల్లవాడు చెప్పగల ప్రశ్నే ఇది. అయినా నేను పాఠాలు చెప్పిన రోజులలో దీనికి ఒక జవాబు, ఇప్పుడు మరొక జవాబు. 2016 అక్టోబరు 10వ తేదీ రాత్రి షాద్‌నగరు మహబూబ్‌నగరు జిల్లాలో నిద్రపోయి, మరునాటి ఉదయం రంగారెడ్డి జిల్లాలో మేలుకొన్నది. ఊరు అంగుళమైనా కదలలేదు. దాని పక్కనున్న కొత్తూరు, నందిగామ, పెంజర్ల కర్మాగారాల గొట్టాలు నిన్నటి చోటనే పొగ విడుస్తున్నవి. కాగితంమీద మాత్రం ఒక పేదజిల్లా తన పరిశ్రమలలో పెద్దపాలు పోగొట్టుకొన్నది, ఒక సంపన్నజిల్లా వాటిని కలుపుకొన్నది. విచిత్రమేమంటే, ఆ పరిశ్రమలు అక్కడికి రావటానికి ఒక ముఖ్యకారణం ఆ జిల్లా పేదరికమే. ఈ సంగతి రాయాలని చాలాకాలంగా అనుకొంటున్నాను.

ముందు పేర్ల ముచ్చట. తెలుగు పండితుడు ఊరిపేరు విప్పిచూడకుండా ఊళ్లో అడుగుపెట్టడు కదా! ఇక్కడ మండలం పేరు ఫరూఖ్‌నగరు. రైలుస్టేషను పేరు, శాసనసభ నియోజకవర్గం పేరు, జనం నోట పలికే పేరు షాద్‌నగరు. 'షాద్' అన్నది హైదరాబాదు సంస్థానపు ప్రధానమంత్రి మహారాజా కిషన్ ప్రసాద్ గారి కవితానామం. పారసీకంలో సంతోషమని అర్థం. ఆయన 1901 నుండి 1912 వరకు ఒకసారి, 1926 నుండి 1937 వరకు మరొకసారి ప్రధానిగా ఉన్నారు. పారసీక పదానికి సంస్కృత 'నగర' శబ్దాన్ని తగిలిస్తే మా వ్యాకరణం దాన్ని వైరిసమాసమని కోప్పడుతుంది. పాలమూరుకు 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టినప్పుడు పుట్టిన 'మహబూబ్‌నగరు' కూడా అదే జాతి. వ్యాకరణం కోప్పడినా జనం ఏనాడో ఒప్పుకొన్నారు. ఈ చుట్టుపక్కల అచ్చతెలుగు పేరు కొత్తూరుది. కొత్త, ఊరు, అకారసంధి. అర్థం వివరించ పనిలేదు.

ఈ ప్రాంతానికి మొదటి గీత రైలుపట్టా. 1916లో సికింద్రాబాదునుండి గద్వాలకు మీటరుగేజి మార్గం పడింది. చుట్టుపట్ల పల్లెలలో పండిన జొన్నలు, ఆముదాలు, వేరుసెనగ బండ్లపై వచ్చి ఇక్కడ చేతులు మారేవి. నల్గొండ, మహబూబ్‌నగరు మెట్టభూములకు ఆముదమే ఆనాటి రొక్కపు పంట. కాబట్టి షాద్‌నగరు మొదట బజారు, తరువాతనే పట్టణం. ఆ బజారుకు పంచాంగం పంటదే. రైతు ఏడాది పొడుగునా ఉద్దెర తెచ్చుకొని పంట అమ్మినాక తీర్చేవాడు. సేటు పద్దు మృగశిరతో మొదలై పుష్యమాసంలో తేలేది.

బూర్గుల రామకృష్ణారావు గారి ఇంటిపేరు ఈ పక్కనున్న బూర్గుల గ్రామానిదే. హైదరాబాదు రాష్ట్రానికి ఎన్నికైన ముఖ్యమంత్రిగా 1952 నుండి 1956 వరకు పనిచేసిన ఆయన 1952లో గెలిచింది షాద్‌నగరు నుండే. సంస్కృతం, పారసీకం, ఉర్దూ, తెలుగు నాలుగింటిలోనూ పండితుడు. మా బోటివారికి ఆయన ముఖ్యమంత్రి కావటంకన్నా అది ఎక్కువ గర్వం. కానీ ఈ వ్యాసానికి అవసరమైనది వేరొకటి. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయభూముల చట్టం 'రక్షిత కౌలుదారు' అనే మాటను పుట్టించింది. ఆ చట్టానికి ఆయన ప్రభుత్వం ఉన్నప్పుడు, 1954లో, సవరణ వచ్చింది. దున్నేవాడికి భూమిపై కొంత పట్టు దొరకాలన్నది దాని సారం. ఎకరం వందలలో ఉన్నంతకాలం ఆ కాగితాలు ఇంటిదూలాల్లోనే పడి ఉన్నవి. ఎకరం లక్షలలోకి, కోట్లలోకి పోయినాక వాటిని వెతికేవారు పెరిగారు, వ్యాజ్యాలూ పెరిగినవి.

ఇక రెండవ గీత. అది జిల్లా సరిహద్దు.

1970లలో కేంద్రప్రభుత్వం పారిశ్రామికంగా వెనుకబడిన జిల్లాలను గుర్తించింది. ఆంధ్రప్రదేశ్ నుండి ఆ జాబితాలో చేరినవాటిలో మహబూబ్‌నగరు, నల్గొండ, మెదకు ఉన్నవి. అక్కడ పరిశ్రమ పెట్టేవారికి ఆర్థికసంస్థలు తక్కువ వడ్డీకి అప్పులిచ్చేవి, ఆదాయపు పన్నులో కొంత తగ్గింపు ఉండేది. 1973లో ఏర్పడిన రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ స్థలాలు సిద్ధంచేసి ఇచ్చేది. ఉద్దేశంలో తప్పు పట్టేది ఏమీ లేదు. లోపం కొలమానంలో ఉన్నది. వెనుకబాటును జిల్లాతో కొలిచారు. గద్వాలా మహబూబ్‌నగరే, కొల్లాపురమూ మహబూబ్‌నగరే, నారాయణపేటా మహబూబ్‌నగరే, కొత్తూరూ మహబూబ్‌నగరే. రాయితీ అంతటా ఒక్కటే అయినప్పుడు, హైదరాబాదుకు నూరుమైళ్లకు పైనున్న గద్వాలకు కర్మాగారం ఎందుకు పోతుంది? జిల్లాలోకి ఒక అడుగు వేస్తే చాలు, రాయితీ దక్కుతుంది; ఒక అడుగు వెనుకనే నగరం ఉంటుంది. కొత్తూరు హైదరాబాదుకు 40 కిలోమీటర్ల లోపే. సత్రంలో అన్నం పెడతామంటే లోపలిదాకా పోకుండా గడపమీదే కూర్చుని తిన్నట్లుగా, పరిశ్రమ జిల్లా గడపమీదే కూర్చున్నది. మెదకు జిల్లాకు పటాన్‌చెరు గడప. నల్గొండకు బీబీనగరు, చౌటుప్పల్ గడపలు. మూడు పేదజిల్లాలకూ రాజధాని వైపు మూలలే మెరిసినవి.

ఆ గీతకు రెండువైపులా ఎంత తేడానో 2011 జనగణన చూపిస్తుంది. మహబూబ్‌నగరు జిల్లా జనాభా 40 లక్షల 53 వేలు; అందులో పట్టణవాసులు నూటికి 15 మంది; అక్షరాస్యత 55 శాతం, ఆనాటి ఉమ్మడి రాష్ట్రంలోకెల్లా తక్కువ. గీతకు ఉత్తరాన రంగారెడ్డి జిల్లాలో 52 లక్షల 97 వేల జనం. పట్టణవాసులు నూటికి 70 మంది. అక్షరాస్యత సుమారు 76 శాతం. నడుమ ఒక నది లేదు, కొండ లేదు. బస్సు కండక్టరు టిక్కెట్టు కొట్టేలోగా దాటిపోయే గీత అది. షాద్‌నగరు పట్టణంలో అప్పటికి అరలక్షకు అటూఇటూగా జనం ఉన్నారు.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరచుకొన్నాక ఆ గీత ఇంకా పలుచబడింది. జాతీయరహదారి నాలుగు వరుసలైంది. మీటరుగేజి 1990లలోనే పోయి బ్రాడుగేజి వచ్చింది. సికింద్రాబాదు–మహబూబ్‌నగరు మధ్య 85 కిలోమీటర్ల రెండవ పట్టా, విద్యుదీకరణ పూర్తయి 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితమైనవి.

ఈ చుట్టుపక్కల ఉత్పత్తులు పరస్పర సంబంధం లేనివి. ఇనుపకడ్డీలు, ప్లాస్టిక్కు, మందుబిళ్లలు, బట్టల సబ్బుపొడి, గాజు. నాట్కో సంస్థకు మేకగూడలో ఔషధాల మూలద్రవ్యాల కర్మాగారం, కొత్తూరులో మందుబిళ్లల కర్మాగారం ఉన్నవి. 2012 మార్చి 9న కాలేయ, మూత్రపిండాల క్యాన్సరుకు వాడే సొరాఫెనిబ్ అనే మందుకు మనదేశంలో మొట్టమొదటి నిర్బంధ లైసెన్సు దక్కింది ఈ సంస్థకే. పేటెంటు ఉన్నవాడు అందుబాటు ధరకు ఇవ్వకపోతే మరొకరిని తయారుచేయనిచ్చే అధికారం అది. నెలకు 2 లక్షల 80 వేల రూపాయలు పలికిన మందును 8,880కు మించకుండా అమ్మాలన్నారు. ప్రపంచంలోని పెద్ద మందుల కంపెనీలన్నీ ఆ తీర్పువైపు కళ్లు పెద్దవిచేసి చూసినవి. అటువంటి సంస్థకు కొలిమి మన కొత్తూరు మెట్టలమీద ఉన్నదని మన పిల్లల పాఠ్యపుస్తకంలో ఎక్కడా చదివిన గుర్తు లేదు నాకు.

పెంజర్లలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కర్మాగారం 2014లో మొదలైంది. అదే పెంజర్లలో జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ 47 ఎకరాలలో తన భారతీయ కర్మాగారాలన్నిటికన్నా పెద్దదాన్ని కట్టింది. 2016లో కట్టడం పూర్తయి, మూడేళ్లు గడిచినా యంత్రం తిరగలేదని, సరుకుకు అనుకొన్నంత గిరాకీ రాకపోవటమే కారణమని రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది. పదిహేనువందల మందికి పని దొరుకుతుందని చెప్పిన చోటు అది. వాన రాక నాగలి మూలపడటం మా రైతులకు తాతలనాటి అనుభవం. గిరాకీ రాక యంత్రం మూలపడటం కొత్త అనుభవం. రెండింటిలోనూ ఎదురుచూసేవాడు ఒక్కడే.

ఇక బజారు. షాద్‌నగరు చౌరస్తాలో నిలబడితే ఈ ప్రాంతపు ఆర్థికశాస్త్రమంతా అంగళ్ల బోర్డులమీదే ఉంటుంది. ఒక వరుస విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, బోరుమోటార్లు. దాని ఎదురుగా సిమెంటు, కడ్డీ, టైల్సు. ఆపైన బట్టల దుకాణాలు, సెల్‌ఫోన్లు, బంగారం. వీటి మధ్య మధ్య ప్లాట్ల వెంచర్ల రంగుల బోర్డులు. పాతబజారు పంచాంగం పంటదని అన్నాను కదా, కొత్తబజారు పంచాంగం జీతానిది. వెయ్యిమందిలోపు పనివారున్న చోట నెల తిరిగిన ఏడవ తేదీలోగా, అంతకు మించితే పదవ తేదీలోగా జీతం ఇవ్వాలని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నిర్దేశించింది. ఆ చట్టం చేసిన తెల్లదొరకు షాద్‌నగరు సంగతి తెలియదు గాని, ఇక్కడి కిరాణం సేటు ఉద్దెర పద్దు కొట్టివేసే తేదీ ఆయన పెట్టిందే. ఏడు నుండి పదిదాకా బజారు కిటకిట. ఇరవై దాటితే ఈగలు. పండుగ ఏ తేదీన పడిందన్నది కూడా వ్యాపారులకు ఇప్పుడు లెక్కే. నెలాఖరున పడిన దసరా వేరు, పదో తేదీన పడిన దసరా వేరు.

ఇంతకూ ఆ జీతం అందుకొనేదెవరు? నన్ను చాలాకాలం వెంటాడిన ప్రశ్న ఇదే.

పాలమూరు కూలి అంటే దేశమంతా ఎరుగును. నాగార్జునసాగరంనుండి మొదలుపెట్టి ఎక్కడెక్కడి ఆనకట్టలకో, కాలువలకో, రహదారులకో మట్టి మోసినవారు ఈ జిల్లావారు. మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇచ్చి గుంపులు గుంపులుగా తీసుకొనిపోయేవాడు. మహబూబ్‌నగరు నుండి బొంబాయికి ఆర్టీసీ బస్సు నడిచిందంటే అది విహారయాత్రలకు కాదు. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి తరగతిలో సగం బెంచీలు ఖాళీ. హాజరుపట్టీలో గైర్హాజరు గుర్తులు పెడుతూ, ఈ పిల్లవాడు ఈ పూట ఏ గుడారంలో చెల్లెలిని ఆడిస్తున్నాడో అనుకొనేవాణ్ణి.

ఆ జిల్లా ఉత్తరపు గడపమీద మాత్రం కర్మాగారాలకు పనివారు ఒడిశానుండి, బీహారునుండి, ఉత్తరప్రదేశ్‌నుండి వస్తున్నారు. కొత్తూరు, నందిగామ దారుల్లో సాయంత్రం నిలబడితే మీకు తెలుగు ఎంత వినబడుతుందో, హిందీ, ఒడియా అంత వినబడుతవి. కూలిని ఎగుమతి చేసిన జిల్లాయే కూలిని దిగుమతి చేసుకొన్నది. మనవాళ్లు సోమరులని కొందరు తేలికగా చెప్పేస్తారు. బొంబాయిదాకా పోయి పన్నెండు గంటలు ఇటుకలు మోసేవాడు ఇంటిపక్కన సోమరి అవుతాడా? ఊరివాడికి పొలంపని ఉంటుంది, బంధువు చావు ఉంటుంది, జాతర ఉంటుంది. తోడుగా నలుగురు ఉంటారు, అన్యాయం జరిగితే పంచాయితీ పెడతాడు. రెండువేల కిలోమీటర్ల దూరంనుండి వచ్చినవాడికి ఇవేవీ లేవు. కాంట్రాక్టరు ఇచ్చిన గది, కాంట్రాక్టరు చూపిన పని. మన పాలమూరివాడికి బొంబాయిలో పని దొరికింది కూడా ఇదే లెక్కన. దూరమే ఇద్దరి అర్హత. నాకు తోచిన సమాధానం ఇది. అర్థశాస్త్రజ్ఞులు ఇంకా చక్కగా చెప్పవచ్చు.

స్థానికులకు అసలే పనులు దొరకలేదని కాదు. బడి చేర్పుల రిజిస్టరులో 'తండ్రి వృత్తి' అనే గడి ఒకటి ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరిన 1980లలో ఆ గడిలో వ్యవసాయం, కూలి, కుమ్మరం, వడ్రంగం, గొర్లు అని రకరకాలుగా రాసేవాళ్లం. పోనుపోను ఒకటే మాట.

"మీ నాయన ఏం చేస్తడురా?"

"కంపెనీల చేస్తడు సార్."

"ఏం కంపెనీ?"

"ఏమో సార్. నైట్ డూటీ."

ఆ గడిలో 'కంపెనీ' అని రాసి ఊరుకొన్నాను. అన్ని కులవృత్తుల పేర్లూ ఆ మూడక్షరాలలో కలిసిపోయినవి. పిల్లవాడికి తండ్రి చేతిపని ఏమిటో తెలియని మొదటి తరం అదే అనుకొంటాను.

జనగణన చేసేది కూడా మా బడిపంతుళ్లమే కనుక ఆ లెక్కల లోపలి సంగతి కొంత చెప్పగలను. 2011 ఫిబ్రవరి 9 నుండి 28 వరకు ఇల్లిల్లూ తిరిగాం. 28వ తేదీ రాత్రి ఇల్లులేనివారిని లెక్కించాం. ఆ ఇరవై రోజులూ మొత్తం ఊళ్లో లేనివాణ్ణి అక్కడ రాయకూడదు, ఎక్కడుంటే అక్కడ రాస్తారు. సరిగా వలసకాలం అదే. కనుక పాలమూరు ఊళ్లలో తాళాలు వేసిన ఇళ్లు చూసి తిరిగివచ్చాం. ఆ మనుషులు ఏ బొంబాయి లెక్కలోనో పడ్డారో, పడనే లేదో.

పనుల వర్గీకరణ మరీ వింత. సేద్యం చేసేవారు ఒక గడి, వ్యవసాయకూలీలు ఒక గడి, కుటుంబపరిశ్రమ ఒక గడి. మిగిలినవారంతా 'ఇతరులు'. కొలిమి దగ్గర ఇనుము కరిగించేవాడు, మందుబిళ్లలు పెట్టెల్లో సర్దే ఆడపిల్ల, బిర్యానీ హోటలు యజమాని, గుడి పూజారి, తెలుగు పండితుడు అందరం ఒకే గడిలో! వలసకారణం అడిగినప్పుడు స్త్రీలలో ఎక్కువమంది 'పెళ్లి' అనేవారు. కల్వకుర్తి వైపునుండి కోడలిగా వచ్చి కర్మాగారంలో పనికి పోతున్నామె కూడా లెక్కలో పెళ్లికోసం వచ్చినదే. ఒక గ్రామాన్ని పట్టణంగా గుర్తించటానికి జనగణన మూడు షరతులు పెట్టింది: 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, ముఖ్యంగా పనిచేసే పురుషులలో నూటికి 75 మంది వ్యవసాయం కానిపనిలో ఉండటం. పురుషులలో అన్నమాట గమనించండి. మొగవాళ్లు కంపెనీకి పోయి, ఆడవాళ్లు పొలంలో కలుపు తీసే ఊరు ఆ లెక్కన పట్టణమే. కొత్తూరుకు పురపాలక సంఘం వచ్చి మొదటి ఎన్నికలు 2021 ఏప్రిల్ 30న జరిగినవి. జడ్చర్ల, అచ్చంపేట, నకిరేకల్ కూడా ఆరోజే ఓటు వేసినవి.

కర్మాగారాల పక్క వీధిలో ఒక గదికి పోయినప్పటి సంగతి మరువలేను. పది అడుగుల గది. పగటి డ్యూటీవారు లేచిన చాపలమీద రాత్రి డ్యూటీవారు పడుకొంటారు. మొత్తం పదకొండుమంది. ఫారములో మొదటి వరుసలో కుటుంబయజమాని పేరు రాయాలి. నాకు వచ్చిన అరకొర హిందుస్థానీలో "ఇంటికి పెద్ద ఎవరు?" అన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వారు. చివరికి ఒక కుర్రవాడు "కిరాయి ఎవరి పేరుమీద ఉన్నదో వాడే పెద్ద" అన్నాడు. పందొమ్మిదేళ్లుంటాయేమో.

2024 జూన్ 28న బూర్గుల గ్రామ పరిధిలోని ఒక గాజు కర్మాగారంలో కంప్రెషర్ పేలింది. చనిపోయిన కార్మికులు ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలవారు. పత్రికలో ఆ ఊరిపేరు చదివినప్పుడు నాకు రామకృష్ణారావు గారు, రక్షిత కౌలుదారు అన్న మాట గుర్తుకువచ్చినవి. దున్నేవాడికి ఒక కాగితం ఉండాలని ఆనాడు చట్టం రాసుకొన్నాం. ఆ గదులలో పడుకొనేవారికి చాలామందికి ఇక్కడి కాగితం ఏదీ లేదు.

2016కు తిరిగివస్తాను. పది జిల్లాలు ముప్పైయొకటి అయినప్పుడు షాద్‌నగరు, కొత్తూరు, కొందుర్గు, కేశంపేటలు రంగారెడ్డిలో కలిసినవి. షాద్‌నగరు రెవిన్యూ డివిజను అయింది. కొత్తూరునుండి నందిగామ కొత్త మండలంగా విడివడింది. షాద్‌నగరు వారికి హైదరాబాదు దగ్గర, కలెక్టరు కచేరీ సౌకర్యం. ప్రజలలో చాలామంది సంతోషించారు, అందులో తప్పులేదు. నల్గొండలోనూ ఇదే జరిగింది. 1995లో దివీస్ సంస్థ తన మొదటి కర్మాగారాన్ని నెలకొల్పిన లింగోజిగూడెం, దాని మండలమైన చౌటుప్పల్, బీబీనగరు, భువనగిరి, పోచంపల్లి అన్నీ యాదాద్రి భువనగిరి జిల్లాకు పోయినవి. వెనుకబడిన జిల్లాలనే పేరుతో ఏ గడపలు మెరిసినవో, ఆ గడపలను కోసి వేరే ఇళ్లకు అతికించినట్లయింది. మహబూబ్‌నగరుకు బాలానగరు, జడ్చర్ల, పోలేపల్లి సెజ్ మిగిలినవి. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాలలకు, 2019లో ఏర్పడిన నారాయణపేటకు ఆ భాగ్యమూ లేదు. రాష్ట్రప్రభుత్వపు ఆర్థిక నివేదికలలో తలసరి ఆదాయంలో రంగారెడ్డి మొదటిస్థానంలో కనబడుతున్నది. ఆ అంకెలో కొత్తూరు ఇనుము, మందుబిళ్లలూ కలిసి ఉన్నవి. పాత మహబూబ్‌నగరు సగటును పైకి పట్టి ఉంచిన మూల పోయినాక మిగిలిన జిల్లాల అంకెలు నిజం చెబుతున్నవనవచ్చు. లేదా నిజం ముందునుండీ అదే, ఒక మూల దాన్ని కప్పిపెట్టిందనవచ్చు. నాకు రెండవదే సబబుగా తోస్తుంది.

ఇప్పుడు మూడవ గీత రానున్నది. ప్రాంతీయ వలయరహదారి ఉత్తరభాగం సంగారెడ్డినుండి చౌటుప్పల్‌కు, దక్షిణభాగం చౌటుప్పల్‌నుండి ఆమనగల్లు, షాద్‌నగరు మీదుగా తిరిగి సంగారెడ్డికి అని తలపెట్టారు. నల్గొండ గడప, పాలమూరు గడప ఒకే దారిమీదికి వస్తవి. దారి ఎవరి పొలంలోంచి పోతుందోనని రైతులు కచేరీల చుట్టూ తిరుగుతున్నారు.

2021లో జరగవలసిన జనగణన జరగలేదు. 2027 మార్చి 1ని ప్రమాణతేదీగా నిర్ణయించి 2025 జూన్‌లో ప్రకటన వెలువరించారు. పదవీవిరమణ చేసినవాణ్ణి, నాకు ఈసారి ఆ పని పడదు. ప్రకటన వచ్చిన కొన్నాళ్లకు, అటువైపే ఉపాధ్యాయుడిగా ఉన్న నా పాతశిష్యుడొకడు ఫోను చేశాడు.

"సార్, ఒక్క రూముల రెండు షిఫ్టులోళ్లు ఉంటే ఎట్ల రాయాలె? ఒక కుటుంబమా, రెండా?"

"అందరికీ వంట ఒక్క పొయ్యిమీదనా, రెండు పొయ్యిలమీదనా, అది అడుగు" అన్నాను.